సిస్టమ్‌రెస్క్యూ: మదర్‌బోర్డు మార్చే ముందు ఒక్కసారి దీంతో బూట్ చేసి చూడండి

కాకినాడ చుట్టుపక్కల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. ల్యాబుల్లో ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాలు నడిచే డెస్క్‌టాపులు ఉంటాయి. వాటికి తోడు పిల్లలు సంచుల్లో మోసుకొచ్చే ల్యాప్‌టాపులు. "సార్, రాత్రి అప్‌డేట్ అడిగితే సరే అని నొక్కాను, పొద్దున్నుంచి లేవట్లేదు" అన్న మాట సెమిస్టర్ పొడుగునా వింటూనే ఉంటాను. అలా వచ్చిన యంత్రానికి నేను మొదట గుచ్చేది ఒకే పెన్‌డ్రైవ్. అందులో ఉన్నది సిస్టమ్‌రెస్క్యూ. డబ్బు పెట్టి కొనే పని లేదు, ఎవరైనా దించుకోవచ్చు, ఖర్చంటూ ఉంటే పెన్‌డ్రైవ్‌కే. అయినా మన ఊళ్ళలో కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళ బల్లల మీద ఇది పెద్దగా కనిపించదు. అందుకే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా వస్తువు సంగతి. హార్డ్ డిస్కులో ఉన్నదాన్ని ముట్టుకోకుండా, పెన్‌డ్రైవ్ మీద నుంచే నడిచే పూర్తి లినక్స్ ఇది. ఫ్రాన్స్వా డ్యుపూ మొదలుపెట్టారు. ఎఫ్‌ఎస్‌ఆర్కైవర్ అనే బ్యాకప్ ప్రోగ్రాం రాసింది కూడా ఆయనే. మొదట్లో పేరు చివర సీడీ అని ఉండేది, జెంటూ అనే లినక్స్ రకం ఆధారంగా తయారుచేసేవారు. 2019లో వచ్చిన 6.0 నుంచి ఆర్చ్ లినక్స్‌కి మారింది. బూట్ చేస్తే పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా రూట్ ప్రాంప్ట్ ఇస్తుంది, అంటే అన్ని అధికారాలతో ఆదేశాలు కొట్టే చోటు. స్టార్ట్‌ఎక్స్ అని కొడితే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వస్తుంది. అందులో పార్టిషన్లు సర్దే జీపార్టెడ్, బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్, పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్, చెడుతున్న డిస్కుని కాపీ తీసే డీడీరెస్క్యూ అన్నీ ఉంటాయి. చూడ్డానికి ఆడంబరం ఏమీ ఉండదు. అవసరం కూడా లేదు.

కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌ని నడిపించే, సిస్టమ్‌కి గుండెలాంటి భాగం. అప్‌డేట్‌లో అది మారాక యంత్రం లేవలేదంటే అనుమానం రెండు వైపులా ఉంటుంది. కొత్త కెర్నల్ ఈ హార్డ్‌వేర్‌ని పట్టుకోలేకపోతోందా, లేక హార్డ్‌వేరే దెబ్బతిన్నదా? లోపలికి వెళ్ళలేనప్పుడు ఈ ప్రశ్న తేలదు. భార్యాభర్తల తగువులో ఇద్దరికీ చుట్టం కాని పెద్దమనిషిని పిలిచినట్టు, ఇక్కడా బయటివాడు ఒకడు కావాలి. సిస్టమ్‌రెస్క్యూ తన కెర్నల్‌ని తానే తెచ్చుకుంటుంది. అదీ చాలాకాలం సరిదిద్దుతూ ఉండే లాంగ్‌టర్మ్ కెర్నల్: సిస్టమ్‌రెస్క్యూ 10వ వరసలో 6.1, 11లో 6.6, 12లో 6.12. అదే డిస్కు, అదే ర్యామ్, అదే బోర్డు మీద ఈ వేరే కెర్నల్ నిలకడగా నడిచిందంటే, బోర్డు మార్చాలన్న మాట అక్కడితో ఆపెయ్యొచ్చు. ఇంత సులువైన పరీక్ష చెయ్యకుండానే బంగారంలాంటి యంత్రాల్ని పాత సామాను కింద వేసేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఒక ఉదాహరణ చెప్తాను. సెకండియర్ అమ్మాయి ల్యాప్‌టాప్. ఊళ్ళో సర్వీసు షాపుకి తీసుకెళ్తే మదర్‌బోర్డు పోయిందన్నారట, మార్చడానికి ఆ పిల్ల హాస్టల్ బిల్లుని మించిన అంకె చెప్పారట. నా దగ్గరికి వచ్చేటప్పటికే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తెర మీద ఉన్న వాక్యం మాత్రం నాకు బాగా తెలిసినదే: "కెర్నల్ ప్యానిక్, నాట్ సింకింగ్, వీఎఫ్‌ఎస్, అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్", పక్కనే బ్రాకెట్లలో రెండు సున్నాలు. చూడాల్సింది ఆ సున్నాలనే. సిస్టమ్ ఫైళ్ళుండే రూట్ పార్టిషన్ ఉన్న డిస్కుని కెర్నల్ అసలు గుర్తే పట్టలేదని వాటి అర్థం. చాలాసార్లు దీనికి కారణం డిస్కు పోవడం కాదు. బూట్ మొదట్లో డిస్కు డ్రైవర్లను అందించే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు లేకపోవడమో, సగమే తయారవడమో అయ్యుంటుంది.

సిస్టమ్‌రెస్క్యూతో బూట్ చేశాం. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టగానే డిస్కు, పార్టిషన్లు వరసగా కనిపించాయి. బూట్ పార్టిషన్ విడిగా, చిన్నదిగా పెట్టి ఉంది, నూటికి నూరు శాతం నిండిపోయింది. జాగా చాలట్లేదన్న సందేశం చూసి, పాత కెర్నల్ ఫైలుని ఎవరో స్నేహితురాలు చేత్తోనే తీసేసిందట. అయినా జాగా చాలక కొత్త ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ మధ్యలో ఆగిపోయింది. రూట్, బూట్ పార్టిషన్లు మౌంట్ చేసి (అంటే తగిలించి) ఆర్చ్-క్రూట్‌తో లోపలికి వెళ్ళాం. క్రూట్ అంటే డిస్కులోని సిస్టమ్‌లో ఉన్నట్టే దానికి ఆదేశాలు ఇచ్చే పద్ధతి. మామూలు క్రూట్ అయితే డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లను మనమే ఒక్కొక్కటిగా తగిలించుకోవాలి. ఆర్చ్-క్రూట్ ఆ పని తానే చేసిపెడుతుంది, లోపల ఉన్నది ఉబుంటు అయినా సరే. మిగిలిన పాత కెర్నల్ ప్యాకేజీలు తీసేసి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ మళ్ళీ కట్టించి, ఏ కెర్నల్ లేపాలో చూపే గ్రబ్ మెనూ సరిచెయ్యడానికి అప్‌డేట్-గ్రబ్ నడిపాం. రీస్టార్ట్ చేస్తే లాగిన్ తెర వచ్చింది. "మరి బోర్డు సార్?" అంది ఆ అమ్మాయి. "నీ బోర్డుకి ఏమీ కాలేదమ్మా, హాయిగా వాడుకో" అన్నాను.

ఇక్కడే ఒక మాట. గ్రబ్ మెనూలో పాత కెర్నల్ మిగిలి ఉంటే ఏ పెన్‌డ్రైవూ అక్కర్లేదు. ఆన్ చేసిన వెంటనే పాత బయోస్ యంత్రాల్లో షిఫ్ట్ పట్టుకోవాలి, బయోస్‌కి బదులు యూఈఎఫ్‌ఐ ఉన్న కొత్త యంత్రాల్లో ఎస్కేప్ నొక్కాలి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి కిందున్న పాత వెర్షన్ ఎంచుకోండి. అది లేచిందంటే హార్డ్‌వేర్ సంగతి తేలిపోయినట్టే. ముందు ఇది చూడండి, తర్వాతే పెన్‌డ్రైవ్. "నేను వెర్షన్ మార్చలేదు సార్, ఊరికే అప్‌డేటే" అంటారు పిల్లలు. వాళ్ళ తప్పు కాదు. ఉబుంటు 22.04 డెస్క్‌టాప్ 5.15 కెర్నల్‌తో మొదలై, కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే హెచ్‌డబ్ల్యూఈ దారిలో 6.8 దాకా వెళ్ళింది. మామూలు అప్‌డేట్‌గానే వస్తుంది కాబట్టి కింద ఇంత మార్పు జరిగిందని ఎవరికీ తెలియదు.

రెండో ఉదాహరణ దీనికి పూర్తిగా ఎదురు, నాకు ఎక్కువ నేర్పింది ఇదే. ల్యాబ్ యంత్రాలన్నిటికీ ఒకే రోజు కెర్నల్ అప్‌డేట్ పెట్టాం. అన్నీ లేచాయి, కిటికీ పక్కనున్న ఒక్కటి తప్ప. అది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగి, ఫలానా యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు అంకె) లేదని చెబుతోంది. ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి, హెచ్‌ఓడీ మేడం గారు వచ్చి "ఆ కొత్త కెర్నల్ తీసెయ్యండి, ఎందుకొచ్చిన గొడవ" అన్నారు. తీసెయ్యడం సులువే. కానీ మిగతావాటిలో నడిచింది ఇందులో ఎందుకు నడవలేదన్నది తేలకుండా ఉంటుంది. సిస్టమ్‌రెస్క్యూ పెట్టి, కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ చూస్తే, దాని కెర్నల్ కింద కూడా అదే డిస్కు లింక్ పదేపదే తెగి మళ్ళీ కలుస్తోంది. అంటే తప్పు కెర్నల్‌ది కాదు. స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు లెక్కలు తీస్తే రీఎలొకేటెడ్ సెక్టార్లు (చెడి పక్కకి మార్చినవి) సున్నా, యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్లు (రాకపోకల్లో డేటా చెడినవి) మాత్రం బాగా పెరిగిపోయి ఉన్నాయి. రీఎలొకేటెడ్ పెరిగితే డిస్కు పలక మీద అనుమానపడాలి. సీఆర్‌సీ పెరిగితే డిస్కుకీ బోర్డుకీ మధ్య ఉన్న దారి మీద, అంటే సాటా కేబుల్ మీద అనుమానపడాలి. కేబుల్ మార్చాం, కొత్త కెర్నల్‌తోనే లేచింది.

ఇలాంటివి అప్‌గ్రేడ్ రోజే ఎందుకు బయటపడతాయంటే, చాలా యంత్రాలకి అదొక్కటే అసలైన రీబూట్. మిగతా రోజుల్లో ఆన్‌లోనే ఉంటాయి, లేదా స్లీప్‌లోకి వెళ్ళి వస్తాయి. అప్‌గ్రేడ్‌లో డిస్కు మీద ఒక్కసారిగా చాలా రాత పడుతుంది, ఆ వెంటనే రీస్టార్ట్. అప్పటికే బలహీనపడి ఉన్న కేబులో, ర్యామ్ కాంటాక్టో ఆ రోజే చేతులెత్తేస్తుంది. మా సముద్రపు గాలికి ర్యామ్ కాళ్ళు మసకబారడం మామూలే. పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టడం ఇక్కడ అందరికీ తెలిసిన వైద్యం. రుద్దాక ఆగిపోకుండా సిస్టమ్‌రెస్క్యూ మెనూలోనే ఉన్న మెమ్‌టెస్ట్86+ నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్‌ని నమ్మవద్దు.

ఇంత మంచి వస్తువులో ఎవరూ గమనించని ఆప్షన్ ఒకటి ఉంది. మొదటి మెనూలోనే, డిస్కులో ఇన్‌స్టాల్ అయి ఉన్న లినక్స్‌ని బూట్ చెయ్యమనే వరస. దీని వెనక ఉన్న పారామీటర్ పేరు ఫైండ్‌రూట్. డిస్కులన్నీ వెతికి రూట్ ఫైల్‌సిస్టమ్‌లు ఎక్కడున్నాయో చూపిస్తుంది, మనం ఒకటి ఎంచుకుంటే పెన్‌డ్రైవ్‌లోని కెర్నల్‌తో మన సొంత సిస్టమ్‌నే లేపుతుంది. క్రూట్ అంటే భయపడేవాళ్ళకి ఇది వరం. మీ లాగిన్, మీ ఫైళ్ళు ఉంటాయి, వాటి మధ్య కూర్చుని కెర్నల్ ప్యాకేజీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అలా లేచిన సిస్టమ్‌లో అన్ని పరికరాలూ పనిచెయ్యకపోవచ్చు. తెర, కీబోర్డు ఉంటే ఈ పనికి సరిపోతుంది.

ల్యాబ్ నడిపేవాళ్ళకి పనికొచ్చే సంగతి మరొకటి. బూట్ లైన్‌లో రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి, నోఫైర్‌వాల్ అని చేర్చితే, మన సీటు దగ్గర నుంచే ఎస్‌ఎస్‌హెచ్‌తో ఆ యంత్రంలోకి వెళ్ళొచ్చు. ఫైర్‌వాల్ మొదట్నుంచీ ఆన్‌లో ఉంటుంది కాబట్టి ఇది చెప్పకపోతే బయటి నుంచి రానివ్వదు. కాపీటూర్యామ్ చేర్చితే మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేస్తుంది, పెన్‌డ్రైవ్ పీకి పక్క యంత్రానికి పెట్టుకోవచ్చు. ప్రాక్టికల్స్ ముందు రోజు సాయంత్రం ఈ రెండూ నా ప్రాణం నిలబెడతాయి.

క్రూట్‌లో ఉన్నప్పుడు చాలామంది తట్టుకుని పడే రాయి ఒకటి ఉంది. లోపల యూనేమ్ (నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చెప్పే ఆదేశం) అడిగితే వచ్చేది మీ సిస్టమ్ కెర్నల్ వెర్షన్ కాదు, పెన్‌డ్రైవ్ కెర్నల్ వెర్షన్. ఎక్కడినుంచో తెచ్చి అతికించే ఆదేశాల్లో యూనేమ్‌ని పిలిచేవి కోకొల్లలు. వాటిని అలాగే నడిపితే డిస్కులో లేని కెర్నల్‌కి డ్రైవర్లు కట్టడానికి ప్రయత్నించి, హెడర్లు (డ్రైవర్ కట్టడానికి కావలసిన కెర్నల్ ఫైళ్ళు) లేవని ఆగిపోతుంది. బూట్ ఫోల్డర్‌లో ఉన్న కెర్నల్ వెర్షన్ కాగితం మీద రాసుకుని, ప్రతిచోటా దాన్నే చేత్తో ఇవ్వండి. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా బయటి డ్రైవర్లను మళ్ళీ కట్టే డీకేఎంఎస్‌తో పనిచేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

డీకేఎంఎస్ అన్నాను కాబట్టి వై-ఫై సంగతి చెప్పాలి. కెర్నల్ మారాక బూట్ అవుతుంది కానీ వై-ఫై రాదు, లేదా గ్రాఫిక్స్ రాక నల్ల తెర. ఈ రకం కేసులే ఎక్కువ. కెర్నల్‌లో భాగం కాని డ్రైవర్లను ప్రతి కొత్త కెర్నల్‌కీ మళ్ళీ కంపైల్ చెయ్యాలి. కెర్నల్ లోపలి అమరిక వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంది, డ్రైవర్ రాసినవాళ్ళు దాన్ని అందుకోకపోతే కంపైల్ విఫలమవుతుంది, డ్రైవర్ ఉండదు. ఇక్కడ సిస్టమ్‌రెస్క్యూ ఇచ్చే తీర్పుని జాగ్రత్తగా చదవాలి. అందులో వై-ఫై పనిచేస్తే హార్డ్‌వేర్ బాగున్నట్టే. పనిచెయ్యకపోతే మాత్రం పోయినట్టు కాదు, ఎందుకంటే ఆ బయటి డ్రైవర్ దీనిలోనూ ఉండదు. అప్పుడు తగిలి ఉన్న పరికరాల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌పీసీఐ, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశాలు చూడండి. కార్డు పేరు ఆ జాబితాలో కనిపిస్తే, పరికరం మనకి జవాబిస్తోందని అర్థం. ఒక కుర్రాడి యూఎస్‌బీ డాంగిల్‌ని చెత్తబుట్టలోంచి నేనే తీసి ఇచ్చాను. జాబితాలో చక్కగా పేరు చెప్పింది, దానికి కావలసింది హెడర్ల ప్యాకేజీ మాత్రమే. నల్ల తెరకైతే మెనూలో నోమోడ్‌సెట్ వరస ఉంది, మామూలు తెర డ్రైవర్లతోనే బూట్ చేస్తుంది. దానితో తెర వచ్చిందంటే గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గరే వెతకాలి.

ఇక లోపాలు. పెద్దది సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం లేనిదాన్ని బూట్ కానివ్వని కాపలా. అది ఆన్‌లో ఉంటే సిస్టమ్‌రెస్క్యూ లేవదు, బయోస్‌లోకి వెళ్ళి ఆపాల్సిందే. విండోస్ కూడా ఉన్న ల్యాప్‌టాప్ అయితే, బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) ఆన్‌లో ఉంటే, ఆ మార్పు తర్వాత విండోస్ రికవరీ కీ అడగవచ్చు. కీ చేతిలో లేకుండా సెక్యూర్ బూట్ జోలికి వెళ్ళవద్దని పిల్లలకి నేను గట్టిగా చెప్తాను. ఇంతకన్నా లోతైన ఇబ్బంది ఒకటుంది. డీకేఎంఎస్ కట్టిన డ్రైవర్‌కి నమ్మకమైన సంతకం లేకపోతే సెక్యూర్ బూట్ దాన్ని లోపలికి రానివ్వదు. అప్‌డేట్ తర్వాత నీలం తెర మీద ఎంఓకే మేనేజ్‌మెంట్ (ఆ సంతకాన్ని నమ్మమని చెప్పే చోటు) అని వస్తే, అదేమిటో తెలియక కంటిన్యూ నొక్కేవాళ్ళకి జరిగేది ఇదే. ఇప్పుడు సిస్టమ్‌రెస్క్యూ కోసం సెక్యూర్ బూట్ ఆపేశాం, పని చూసుకుని మళ్ళీ డిస్కు నుంచి బూట్ చేశాం, వై-ఫై వచ్చేసింది! క్రూట్‌లో చేసిన ఏదో పని ఫలించిందనుకుంటాం. నిజానికి అడ్డుగా ఉన్న కాపలా తప్పుకుంది, అంతే. తిరిగి ఆన్ చేసిన రోజు మళ్ళీ పోతుంది. అందుకే ఆపే ముందే దాని స్థితి రాసిపెట్టుకోవాలి. పెన్‌డ్రైవ్ మీద నుంచే ఉబుంటుని నడిపే లైవ్ ఐఎస్‌ఓ ఫైలుకి ఈ సమస్య లేదు, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా లేస్తుంది. ఈ ఒక్క విషయంలో దానికే నా ఓటు. మిగతా అన్నిట్లో అది బరువు, పాత ల్యాబ్ యంత్రాల మీద డెస్క్‌టాప్ తెరుచుకునేసరికే ఓపిక పోతుంది.

మరో లోపం, కొత్తవాళ్ళకి దారి చూపే తెర లేకపోవడం. రూట్ ప్రాంప్ట్ ఇచ్చి ఊరుకుంటుంది. వెబ్‌సైట్‌లో వివరణ చక్కగా ఉంది కానీ ఇంగ్లీషులో. అందుకే మా ల్యాబ్ గోడ మీద తెలుగులో ఒక కాగితం అంటించాను: ఏ పార్టిషన్ ఎలా గుర్తుపట్టాలి, ఏ వరసలో మౌంట్ చెయ్యాలి, యూఈఎఫ్‌ఐ యంత్రమైతే ఈఎఫ్‌ఐ పార్టిషన్ కూడా తగిలించాలి, పాత బూట్ల లాగ్ జర్నల్‌సీటీఎల్‌తో ఎలా చదవాలి. సీనియర్ పిల్లలు ఇప్పుడు నన్ను పిలవకుండానే జూనియర్ల ల్యాప్‌టాపులు లేపుతున్నారు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర సెక్యూర్ బూట్ కోసం తగ్గించాను.

చివరగా, దీన్ని నేను వాడే పద్ధతి. వెంటాయ్ అనే మరో ఉచిత సాధనం ఉంది. పెన్‌డ్రైవ్‌కి దాన్ని ఎక్కిస్తే, ఐఎస్‌ఓ ఫైళ్ళని మామూలుగా కాపీ చేసి మెనూలోంచి కావలసినది బూట్ చేసుకోవచ్చు. అందులో సిస్టమ్‌రెస్క్యూ 10, 11, 12 వరసల నుంచి ఒక్కొక్కటి పెట్టుకున్నాను. పాత వెర్షన్లు కూడా దించుకోవడానికి దొరుకుతాయి. అంటే నా జేబులో 6.1, 6.6, 6.12 మూడు కెర్నళ్ళున్నాయి. ఒక ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ 6.1 కింద పనిచేసి 6.6 కింద ఆగిపోయిందనుకోండి, ఆ రెంటి మధ్య వచ్చిన మార్పే కారణమని ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండానే తెలుస్తుంది. బగ్ రిపోర్టులో ఆ రెండు అంకెలు రాస్తే అవతలివాళ్ళు వెతకాల్సిన మేర బాగా తగ్గుతుంది. సరిదిద్దిన కెర్నల్ వచ్చేదాకా ఏపీటీ-మార్క్ హోల్డ్‌తో పాత కెర్నల్‌నే నిలిపి ఉంచండి, వచ్చాక మర్చిపోకుండా ఆ హోల్డ్ తీసెయ్యండి. హోల్డ్‌లో ఉన్నంతకాలం కెర్నల్‌కి వచ్చే భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి. ఐఎస్‌ఓ దించాక, ఫైలు చెడలేదని తేల్చడానికి పక్కనే ఇచ్చే షా256 అంకెతో సరిచూసుకున్న తర్వాతే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యండి.